'నువ్వు' లేని డ్యూయెట్: అమ్మానాన్నల పాట, పని డైరీ

ఫిబ్రవరి 8, శనివారం, తెనాలి

మే 22కి అమ్మానాన్నల పెళ్ళయి 50 ఏళ్ళు నిండుతాయి. హాలు మాట్లాడేశాం. వంటవాళ్ళకి అడ్వాన్సు ఇచ్చేశాం. తమ్ముడు అమెరికా నుంచి టికెట్లు బుక్ చేసుకున్నాడు. మిగిలింది నేను నోరు జారి ఒప్పుకున్న పని ఒక్కటే. వాళ్ళిద్దరి చేత ఒక యుగళగీతం పాడించి, రికార్డు చేసి, ఆ రోజు హాల్లో వినిపించాలి. పాత సినిమా పాట ఏదైనా పాడిస్తే గంటలో అయిపోయేది. "సినిమా పాటలు అందరూ పాడతారు, వీళ్ళకంటూ ఒక పాట ఉండాలి" అని వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. ఇప్పుడు ఎవరినీ అనడానికి లేదు.

చేతిలో ఉన్న సరుకు ఇదీ. నాన్నకి 76. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. కుర్రతనంలో పద్యనాటకాల్లో వేషాలు కట్టాడు, తెనాలిలో పుట్టి ఆ పిచ్చి అంటకుండా ఉండటం కష్టం. అమ్మకి 69. పెళ్ళికి ముందు వర్ణాల దాకా సంగీతం నేర్చుకుంది, ఆ తర్వాత పూజగదికీ వంటింటికీ మధ్య ఎంత వినపడితే అంత. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, శని ఆదివారాల్లో ఇక్కడికి. కీబోర్డు కొద్దిగా వాయిస్తాను, పాటలు రాసిన అనుభవం సున్నా.

అటక మీంచి హార్మోనియం దింపాం. దుమ్ము కాదు, మట్టి.

ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దుటి నుంచీ హార్మోనియం పనే. తిత్తి కొడుతుంటే గాలి సగం బయటికే పోతోంది. మడతల దగ్గర బొద్దింకలు కొరికిన చిల్లులు. నాన్న పాత తోలు పర్సు కత్తిరించి ముక్కలు చేసి, జిగురు పెట్టి అతికించాడు. ఆరేదాకా పైన రెండు భగవద్గీతలూ ఒక పాత టెలిఫోన్ డైరెక్టరీ బరువు పెట్టాం.

రెండు మెట్లు మూగవి. పైచెక్క విప్పితే లోపల ఇత్తడి రీడ్లు వరసగా కనిపించాయి. రీడు నాలుకకీ దాని కింది గాడికీ మధ్య చిన్న నలుసు పడినా అది కదలదు, పలకదు. పల్చటి కాగితం ముక్క ఆ సందులోకి దూర్చి మెల్లగా లాగితే చాలు. ఒకటి పలికింది. రెండోది పలికింది గానీ పిల్లి గొంతుతో. పైస్థాయి మెట్టు కదా, దాని అవసరం రాకుండా చూసుకుందాం అన్నాడు నాన్న. ఇంజినీరింగులో దీన్ని కూడా పరిష్కారమే అంటారు.

ఫిబ్రవరి 22, శనివారం

మొదటి గొడవ శ్రుతి దగ్గర. హార్మోనియం తెల్లమెట్లని ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెడితే, ఏ మెట్టుని షడ్జం, అంటే 'స', చేసుకుని పాడితే అది ఆ శ్రుతి.

నాన్న నాటకాల రోజుల్లో నాలుగో శ్రుతిలో పాడేవాడట. మైకు సరిగ్గా అందని రోజుల్లో చివరి వరస దాకా పద్యం వినపడాలంటే గొంతు పైకి ఎత్తక తప్పదు. ఇప్పుడు గొంతు దిగింది, రెండో శ్రుతి హాయిగా ఉంది. అమ్మది ఐదు. ఇద్దరినీ రెండులో పాడమంటే అమ్మ కింది షడ్జం పట్టుకుంటే నూతిలోంచి మాట్లాడినట్టు ఉంది, పైది పట్టుకుంటే చరణం కేక. ఇద్దరినీ ఐదులో పెడితే నాన్నకి అదే కష్టం తిరగబడుతుంది. సినిమా డ్యూయెట్లలో మామూలుగా ఇద్దరికీ ఒకే శ్రుతి. అందుకే కొన్ని పాటల్లో గాయని మొదటి నుంచి చివరి దాకా పైస్థాయిలోనే తిరగడం వింటాం. వాళ్ళు వాళ్ళు కాబట్టి చెల్లింది. మా అమ్మకి 69.

గంటసేపు తంటాలు పడ్డాక అమ్మ హార్మోనియం తన వైపు లాక్కుంది. ఐదుని షడ్జం చేసుకుని మోహన రాగం వాయించింది. స రి గ ప ద: మెట్ల లెక్కలో 5, 6, 7, 2, 3. అన్నీ తెల్లమెట్లే. తర్వాత ఏమీ మాట్లాడకుండా అవే ఐదు మెట్లు రెండు దగ్గర మొదలుపెట్టి వాయించింది: 2, 3, 5, 6, 7. నాన్న తలెత్తాడు. "ఇది శుద్ధ సావేరి కదూ?" అన్నాడు.

గ్రహభేదం అన్న మాట నేను వినడం వినే ఉన్నాను గానీ, కళ్ళతో చూడటం ఇదే మొదటిసారి. స్వరాలు అవే ఉంచి షడ్జాన్ని మారిస్తే ఇంకో రాగం అవుతుంది: మోహనంలో పంచమాన్ని, అంటే 'ప'ని, షడ్జంగా పట్టుకుంటే అది శుద్ధ సావేరి. అంటే నాన్న తన రెండో శ్రుతిలో శుద్ధ సావేరి పాడతాడు, అమ్మ తన ఐదో శ్రుతిలో మోహనం పాడుతుంది, హార్మోనియం మీద మాత్రం అవే ఐదు మెట్లు. ఎవరి షడ్జం వాళ్ళది. పైగా నాన్న షడ్జమే అమ్మకి పంచమం, కాబట్టి శ్రుతి మోగించే తంబురా యాప్‌లో రెండుని మొదటి నుంచి చివరి దాకా మోగుతూ ఉంచొచ్చు. ఎవరూ ఎవరి కోసమూ గొంతు చించుకోనక్కర్లేదు.

వరస కట్టే పని దాంతో సగం అయిపోయినట్టే. సాయంత్రానికి పల్లవి వరస వచ్చేసింది. మాటలు మాత్రం లేవు, తన్నానా తన్నానా.

మార్చి 8, శనివారం

వారమంతా బస్సుల్లో, ఆఫీసు క్యాంటీన్‌లో మాటలు రాసుకొచ్చాను. వెన్నెలలూ మల్లెలూ అన్నీ వేశాను. నాన్నకి ఒక వరస, అమ్మకి ఒక వరస, ఎదురుబొదురు. నాన్న తన వరస నాలుగుసార్లు పాడేశాడు. అమ్మ కాగితం చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, లోలోపల చదువుకుని, మళ్ళీ నా చేతిలో పెట్టేసింది.

"ఇది నేను పాడలేనమ్మా."

"ఏం, పైకి వెళ్తోందా?"

"పైకీ కాదు కిందికీ కాదు. ఇదేమిటి, 'నువ్వు వచ్చావు' అని? మీ నాన్నగారిని నేను ఎప్పుడన్నా నువ్వు అన్నానా?"

నాకు నిజంగా తట్టలేదు. నేను నాన్నని నువ్వు అంటాను. మా ఆయన్ని నువ్వు అంటాను. మా అమ్మాయి ఇద్దరినీ నువ్వు అంటుంది. ఈ ఇంట్లో నాన్నని మీరు అనే మనిషి అమ్మ ఒక్కతే, ఆవిడ చేతనే 'నువ్వు' అనిపించబోయాను.

సినిమాల్లో మాత్రం ఎంత తేలికో. అప్పటిదాకా "ఏమండీ, మీరు కాఫీ తాగారా" అని మాట్లాడిన కథానాయిక పాట మొదలవగానే "నీవు" అంటుంది. పాట అయిపోగానే మళ్ళీ మీరు. హాల్లో ఒక్కరికీ ఎబ్బెట్టుగా ఉండదు. పాటలో ఉన్నంతసేపే ఇద్దరూ ఒక మెట్టు మీద నిలబడతారన్నమాట.

సరే, మార్చేద్దాం అని కూర్చున్నాను. మార్చడం తాళానికి కుదరదని మొదట గట్టిగా నమ్మాను. మాత్రలు లెక్కేస్తే నోరు మూతపడింది. నువ్వు, మీరు: రెండూ గురువు, లఘువు, మూడు మాత్రలే. నీ, మీ ఒకటే. నీకు, మీకు ఒకటే. వచ్చావు, వచ్చారు ఒకటే. వరసలో వెంట్రుకంత కూడా కదపకుండా "నువ్వు వచ్చావు" తీసి "మీరు వచ్చారు" పెట్టేయొచ్చు. అంటే ఇన్నేళ్ళుగా డ్యూయెట్లన్నీ నువ్వు, నీవు అని పాడుకుంటున్నది ఛందస్సు కోసం కాదు.

చిక్కల్లా రెండు చోట్ల. 'నిన్ను' మూడు మాత్రలు, 'మిమ్మల్ని' ఐదు. రా, చెప్పు అనేవి రండి, చెప్పండి అయ్యేసరికి లావెక్కుతాయి. "నిన్ను చూసిన నాటి నుంచీ" అని ఒక వరస రాశాను, అక్కడ మిమ్మల్ని పెడితే తాళం కుంటుతోంది.

నాన్న వెంటనే: "మిమ్ము అని పెట్టు. మూడు మాత్రలే. పద్యాల్లో ఎన్ని లేవు!"

అమ్మ వంటింట్లోంచి: "నేనేమన్నా నాటకంలో వేషం వేస్తున్నానా, మిమ్ము అనడానికి?"

ఆ వరస కొట్టేశాను.

మార్చి 9, ఆదివారం

చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే అమ్మ దానంతట అదే చెప్పింది. ఇది డైరీలో పెట్టొచ్చా అని అడిగాను. "పెట్టుకో, అబద్ధం కాదుగా" అంది.

వీళ్ళది మేనరికం. నాన్న అమ్మకి మేనత్త కొడుకు. సెలవులకి మేనత్త ఊరు వెళ్తే "బావా, నువ్వు ఎప్పుడొచ్చావు, బావా, నా జామకాయ నువ్వు తిన్నావా" ఇదే వరస. 1975లో పెళ్ళి. గృహప్రవేశం అప్పుడు ఆడపడుచు గడప దగ్గర అడ్డం నిలబడి, పేర్లు చెబితే గాని లోపలికి రానివ్వను అంది. నాన్న పేరు టక్కున చెప్పేశాడు. అమ్మకి నోరు రాలేదు. ఎంత బతిమాలినా రాలేదు. చివరికి "మా బావా నేనూ వచ్చాం" అంది. అందరూ పడీపడీ నవ్వారు. మర్నాడు పొద్దున నాయనమ్మ, అంటే అదే మేనత్త, పెరట్లో పిలిచి మెల్లగా చెప్పిందట: "ఇంక బావా గీవా ఏమిటే, పదిమందిలో బాగోదు. మీరు అను."

"అంతే?" అన్నాను.

"అంతే. మర్నాటి నుంచి ఏమండీ."

"కష్టంగా అనిపించలేదా?"

"ఒక నెల రోజులు అసలు పిలవడమే మానేశాను. గాజులు చప్పుడు చేసేదాన్ని." చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

నాన్న పిలుపు మాత్రం ఈ 50 ఏళ్ళూ ఒకటే. "ఇదిగో." పేరూ కాదు, వరసా కాదు. బళ్ళో విభక్తుల పట్టికలో ఓ, ఓయి, ఓరి, ఓసి అని సంబోధన ప్రథమ వల్లె వేయించేవాళ్ళు. అందులో ఇదిగో లేదు, ఏమండీ లేదు. మన ఇళ్ళలో మొగుడూ పెళ్ళాలు నిజంగా పిలుచుకునేవి ఏవీ లేవు.

రాత్రి బస్సులో పల్లవి దానంతట అదే వచ్చింది.

నాన్న: ఇదిగో... నిన్నే, వింటున్నావా?
ఇంకా దీపాలు సర్దుతున్నావా?

అమ్మ: వింటున్నా, మీరే చెప్పాలి
వంటింటి గడప దాటి రావాలి

'రావాలి' అంటే నువ్వూ మీరూ ఏదీ అనక్కర్లేదు. చెప్పాలి, రావాలి, చూడాలి. మర్యాద గొడవ లేని క్రియలు. ఈ కిటుకు ఇన్నాళ్ళూ కోడళ్ళందరికీ తెలుసనుకుంటాను, నాకే ఆలస్యం.

మార్చి 30, ఆదివారం, ఉగాది

పచ్చడి తిన్నాక పల్లవి పాడించాను. అమ్మ మారు మాట్లాడకుండా పాడింది. కాకపోతే 'వంటింటి' దగ్గర ఒక చిన్న గమకం వేసి, "ఇలా బాగుందా" అంది. వేసుకోమన్నాను.

చరణం ఎలా నడపాలో తేలలేదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు పొగుడుకునే చరణం వీళ్ళకి నప్పదు. నాన్న తన మామూలు పద్ధతిలో ఎక్కడికో వెళ్ళాడు. కుర్రతనంలో, కూచిపూడి నాట్యంలో ఆడవేషాలు కట్టే వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామని చూశాడట. సిద్ధేంద్రయోగి రాసిన భామాకలాపంలో చెలికత్తె మాధవి "నీ భర్త పేరేమిటి" అని గుచ్చి గుచ్చి అడుగుతుంది, సత్యభామ సిగ్గుపడిపోతుంది, పేరు నోటికి రాదు. ఎక్కడి కృష్ణుడు, ఎక్కడి మాధవి! జనం మాత్రం తమ ఇంట్లో జరుగుతున్నట్టే నవ్వేవాళ్ళట. ఆవిడ చెప్పుకోవాల్సిందంతా మాధవితోనే చెప్పుకుంటుంది, ఉత్తరం కూడా ఆవిడ చేతికే ఇచ్చి పంపుతుంది.

అక్కడ నాకు వెలిగింది. డ్యూయెట్ అంటే ఇద్దరూ ముఖాముఖి మాట్లాడుకోవాలని ఎవరన్నారు? 1955 నాటి మిస్సమ్మలో సాలూరి రాజేశ్వరరావు గారు వరస కట్టిన చందమామ పాట ఉంది, ఏ.ఎం.రాజా, పి.లీల పాడింది. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాల్లా నటిస్తున్న జంట అది. ఒకరి మీద ఒకరు చెప్పాల్సిన ఫిర్యాదంతా పైనున్న చందమామకి చెప్పుకుంటారు. వినాల్సిన మనిషి మాత్రం పక్కనే ఉంటారు.

మా ఇంట్లో చందమామ నేనే. చిన్నప్పుడు ఇద్దరికీ మాటపట్టింపు వస్తే రెండు రోజులు నేనే పోస్టుమ్యాన్‌ని. "మీ నాన్నగారికి చెప్పు, అన్నం చల్లారిపోతోందని." "మీ అమ్మకి చెప్పు, నాకు ఆకలిగా లేదని." ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు, మధ్యలో మూడు అడుగులు దూరం.

అమ్మ: అమ్మాయ్, మీ నాన్నకు చెప్పవే
అన్నం చల్లారిపోతోందని

నాన్న: అమ్మాయ్, మీ అమ్మకు చెప్పవే
తను కూర్చుంటేనే తింటానని

రెండో వరస నేను రాసింది కాదు. నేను "ఆకలి అసలే లేదని" అని రాస్తే నాన్న కొట్టేసి ఇది పెట్టాడు. అమ్మ ఎప్పుడూ అందరూ తిన్నాక తింటుంది, ఇప్పటికీ. ఆ వరస పాడినప్పుడు అమ్మ నా వంకే చూసింది, ఆయన వంక చూడలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

రికార్డింగ్ అని ప్లాన్ వేసుకుని వచ్చాను. శ్రీరామనవమి అని మర్చిపోయాను. వీధి చివర పందిరి, రెండు మైకులు, పొద్దున ఆరింటి నుంచి రాత్రి దాకా. కల్యాణం చూసి, పానకం తాగి, తిరుగు బస్సెక్కాను.

ఏప్రిల్ 19, 20

స్నేహితురాలి దగ్గర కంప్యూటర్‌కి నేరుగా తగిలించే మైకు తెచ్చాను. రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఉచితమే, ల్యాప్‌టాప్‌లో ఉంది. పడగ్గదిలో కిటికీలకి బొంతలు, తలుపుకి దుప్పటి, బీరువా తలుపులు బార్లా తెరిచి చీరలన్నీ గదిలోకి. మెత్తటి గుడ్డ ఉన్నచోట గొంతు గోడలకి కొట్టి వెనక్కి రాదు. ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి, ఇన్వర్టర్ సన్నగా గుయ్యిమంటుంది, దాన్నీ ఆపాలి. ఏప్రిల్ నెల, తెనాలి. పది నిమిషాలకి ముగ్గురం చెమటతో తడిసి ముద్దయ్యాం.

తమ్ముడు కీబోర్డు మీద ట్రాక్ చేసి పంపాడు, నిమిషానికి 90 దెబ్బల లెక్కన టిక్ టిక్‌మనే క్లిక్‌తో సహా. ఇప్పటి పద్ధతి ప్రకారం ఒకరి తర్వాత ఒకరి గొంతు రికార్డు చేద్దామనుకున్నాను. ముందు నాన్న, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. పద్యం పాడినవాళ్ళకి క్లిక్ అంటే ఏం లెక్క? "వింటున్నావా" చివర ఆ 'వా' మీద రాగం తీశాడు. వేవ్‌ఫామ్‌లో కొలిచాను, 14 సెకన్లు. నాటకమైతే వన్స్‌మోర్ పడేది. ఇక్కడ క్లిక్ వెళ్ళిపోయింది, ట్రాక్ వెళ్ళిపోయింది, చరణం దాకా వెళ్ళిపోయింది.

"నాన్నా, మొత్తం పాటే మూడు నిమిషాల ఇరవై సెకన్లు."

"ఎవరు పెట్టారా లెక్క?"

నిజానికి నేనే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డులో ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లరే పట్టేది, అందుకే మన పాటలకి ఆ కొలత అలవాటైంది, మనమూ అంతే ఉంచుదాం అని చెప్పాను. నాన్నకి గ్రామఫోన్ పేరు చెబితే ఏదైనా ఒప్పుకుంటాడు. 14 సెకన్లు 4కి దిగాయి.

ఆదివారం అమ్మ గొంతు. నాన్న పాడింది హెడ్‌ఫోన్స్‌లో వింటూ తన వంతు తను పాడింది. శ్రుతి శుద్ధం, తాళం శుద్ధం, ఒక్క తప్పు లేదు. హైదరాబాద్ వచ్చి రెండూ కలిపి విన్నాను.

పాట చచ్చిపోయింది. ఇంకో మాట లేదు. ఇద్దరూ చక్కగా పాడుతున్నారు, ఎవరితోనూ కాదు.

ఏప్రిల్ 24, గురువారం రాత్రి

ఎందుకో పట్టుకోవాలని ఫైలు పెద్దది చేసి చూస్తూ కూర్చున్నాను. మార్చిలో ఫోన్‌లో ఊరికే రికార్డు చేసుకున్న రిహార్సల్ ఒకటి ఉంది, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పాడింది. రెండూ పక్కన పెట్టి చూశాను. ఫోన్ దాంట్లో నాన్న 'వింటున్నావా' ఇంకా పూర్తి కాకముందే అమ్మ ఊపిరి తీసుకుంటున్న చప్పుడు ఉంది. 'సర్దుతున్నావా' ఆఖరి అక్షరం మీద అమ్మ 'విం' పడుతుంది, అక్కడ కాసేపు రెండు గొంతులూ ఒకదాని మీద ఒకటి. మంచి మైకు దాంట్లో నాన్న పూర్తిగా ఆగిపోయాక, సరిగ్గా కొలత ప్రకారం, అమ్మ మొదలుపెడుతుంది. అడిగిన ప్రశ్నకి జవాబు రాసే పిల్లలా.

50 ఏళ్ళ కాపురంలో అవతలివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగేవాళ్ళు ఎవరుంటారు?

కంప్యూటర్‌లో అమ్మ గొంతు కాస్త ముందుకు జరిపి చూశాను. తొందరపడుతున్నట్టు ఉంది తప్ప మాట్లాడుతున్నట్టు లేదు. తీసేశాను. తమ్ముడికి మెసేజ్ పెట్టాను, ట్రాక్ వద్దు అని. వాడి నుంచి జవాబు లేదు.

మే 3, శనివారం

ఒకే మైకు, ఇద్దరూ ఒకేసారి. మద్రాసు స్టూడియోల్లో మొదట్లో అంతే కదా, గాయకులూ వాద్యాలూ అన్నీ కలిసి ఒకేసారి, ఎవరు తప్పు చేసినా మళ్ళీ మొదటి నుంచి.

నాన్న గొంతు అమ్మ గొంతుని మింగేస్తోంది. ఒకే మైకు కాబట్టి తర్వాత సర్దడానికి వీల్లేదు, సర్దాల్సింది కాళ్ళతోనే. మైకుకి దూరం రెట్టింపు చేస్తే శబ్దం 6 డెసిబెళ్ళు తగ్గుతుందని లెక్క, గదిలో గోడలుంటాయి కాబట్టి అంతా తగ్గదు. అమ్మని మైకుకి అడుగున్నర దూరంలో నిలబెట్టాను. నాన్నని మూడు అడుగుల దగ్గర, కొంచెం పక్కకి. నాలుగు అడుగులైతే ఆయన పక్కగదిలోంచి పాడుతున్నట్టు ఉంది.

ఇంకో సమస్య. భావం వచ్చినప్పుడల్లా నాన్న ముందుకి అడుగేస్తాడు. స్టేజీ అలవాటు. 'తను కూర్చుంటేనే' అనగానే ఒక అడుగు, లెవెల్ ఎర్రగీత దాటిపోతుంది, గొంతు పగులుతుంది. మూడు టేకులు అలాగే పోయాయి. అమ్మ లోపలికి వెళ్ళి ముగ్గుడబ్బా తెచ్చి నాన్న బొటనవేళ్ళ ముందు అడ్డంగా ఒక గీత గీసింది.

"ఇది దాటితే ఊరుకోను" అంది నాతో. నాతోనే.

నాన్న దాటలేదు.

హార్మోనియం నేను వాయించాను, గది మూల నుంచి. తిత్తి కొత్త తోలు కిర్రుమంటోంది. ఆ కిర్రు టేకులన్నిట్లో ఉంది, ఉండనీ.

మే 4, ఆదివారం

పొద్దున నాలుగున్నరకి లేచాం, ఎండ రాకముందే అని. కోయిల మాకంటే ముందు లేచింది. మొదటి టేకు కోయిలతో. రెండో టేకులో పాలవాడి బండి. మూడోది ఎదురింటివాళ్ళ మోటారు. ఐదో టేకు బాగా వచ్చింది, రెండో చరణంలో అమ్మ మాట మర్చిపోయి 'తానా' అనేసింది. ఏడోది వచ్చింది.

అది అయిపోయిందని నాకు హార్మోనియం మీద చెయ్యి తీయకముందే తెలిసిపోయింది. నాన్నకీ తెలిసింది. గీత వెనకే నిలబడి, కండువాతో మొహం తుడుచుకుంటూ, "ఇదిగో, కాఫీ" అన్నాడు.

"వస్తున్నా, ముందు ఫ్రిజ్ ఆన్ చెయ్యండి" అంది అమ్మ.

మే 11, ఆదివారం, హైదరాబాద్

ఏడో టేకు శుభ్రం చేస్తున్నాను. పెద్ద పనేం లేదు. మొదట్లో చివర్లో కత్తిరించడం, గది గుయ్యిమనే చప్పుడు కాస్త తగ్గించడం. ఎక్కువ తగ్గిస్తే గొంతులు డబ్బాలో పడ్డట్టు అవుతున్నాయి, అందుకని సగంలో ఆపాను. మొత్తం మూడు నిమిషాల 31 సెకన్లు. 78 చుట్ల రికార్డు కాదు కాబట్టి ఫర్వాలేదు.

కత్తిరించే చోటు కోసం మొదటి నుంచి వింటున్నాను. రికార్డు బటన్ నొక్కి నేను మూలకి వెళ్ళి కూర్చునేదాకా 20 సెకన్లు ఉత్తదే. చీర గరగర. నాన్న గొంతు సవరించుకోవడం. దూరంగా కుక్క. తర్వాత అమ్మ గొంతు, సన్నగా, మైకు అడుగున్నర దూరంలోనే ఉందన్న సంగతి మర్చిపోయి:

"బావా, ఫ్యాన్ ఆపావా?"

నాన్న: "ఆపాను."

మరో నాలుగు సెకన్లకి తంబురా. తర్వాత "ఇదిగో..."

ఆ గదిలో నేను ఉన్నాను. నాకు వినపడలేదు. నాన్న ఉలిక్కిపడలేదు, నవ్వలేదు, ఆగలేదు. ఆపాను అన్నాడు, అంతే. అంటే ఇది మొదటిసారి కాదేమో మరి.

మే 18, ఆదివారం, తెనాలి

నాన్నకి పాట వినిపించాను, హెడ్‌ఫోన్స్‌లో, మొదటి నుంచి. ఫ్యాన్ మాట దగ్గర మొహంలో ఏమీ కదల్లేదు. పాటంతా అయ్యాక "ఆ 'వా' ఇంకో రెండు సెకన్లు ఉంటే బాగుండేది" అన్నాడు.

అమ్మకి స్పీకర్లో పెట్టాను. విని, "నేనెక్కడన్నాను అలా? నువ్వేదో మెషీన్‌లో చేశావు" అంది. మళ్ళీ వినిపించాను. "అది తీసెయ్" అంది. సరే అన్నాను. వంటింట్లోకి వెళ్ళి, రెండు నిమిషాలాగి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, "తీసేశావా?" అంది. ఇంకా లేదన్నాను. ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

రెండు ఫైళ్ళు చేశాను. ఒకటి తంబురాతో మొదలవుతుంది, ఒకటి ఫ్యాన్‌తో. రెండూ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. హాల్లో సౌండ్ అబ్బాయికి గురువారం పొద్దున పదింటికల్లా ఇవ్వాలి.